వెన్నులో ఇచ్చిన మత్తు ముందే దిగిపోతోందా? ఆ మందుల అలవాటే కారణం కావచ్చు!

సిజేరియన్, హెర్నియా, పైల్స్, కాలు విరిగితే రాడ్ వేయడం.. ఇలా నడుము కింద చేసే చాలా ఆపరేషన్లకు వెన్నులోనే మత్తు ఇస్తారు. పేషెంట్ మెలకువగానే ఉంటారు, నొప్పి మాత్రం తెలియదు. అయితే నల్లమందు, హెరాయిన్, మార్ఫిన్, ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్లకు అలవాటు పడినవారిలో ఈ మత్తు ముందే దిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఆ విషయం మత్తు డాక్టర్ దగ్గర అస్సలు దాచకూడదు.

మత్తు ఎలా పనిచేస్తుంది?

నడుము దగ్గర సన్నని సూదితో వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి బుపివకైన్ అనే మందు ఎక్కిస్తారు. ఇది నరాల్లో నొప్పి సంకేతాలను అడ్డుకుంటుంది. మోతాదును బట్టి దాదాపు రెండు గంటల పాటు పనిచేస్తుంది. చాలాసార్లు దీనికి తోడు ఫెంటానిల్ అనే ఓపియాయిడ్‌ను మైక్రోగ్రాముల్లో కలుపుతారు.

అలవాటు ఉంటే ఏమవుతుంది?

నల్లమందు వాడకం ఎక్కువగా ఉన్న ఇరాన్‌లో డాక్టర్లు దీనిపై అధ్యయనాలు చేశారు. బుపివకైన్ ఇచ్చినప్పుడు, అలవాటు లేనివారి కంటే ఉన్నవారిలో స్పర్శ త్వరగా తిరిగొచ్చినట్టు గుర్తించారు. ఏళ్ల తరబడి ఓపియాయిడ్లు వాడితే నరాల వ్యవస్థ వాటికి అలవాటు పడిపోతుంది. కొందరిలో చిన్న నొప్పి కూడా పెద్దగా అనిపిస్తుంది. మత్తు త్వరగా దిగడానికి కచ్చితమైన కారణం ఏంటన్న దానిపై పరిశోధనలు సాగుతూనే ఉన్నాయి.

ఇది డ్రగ్స్ తీసుకునేవారి సమస్య మాత్రమే కాదు. నడుం నొప్పికో, మోకాళ్ల నొప్పికో నెలల తరబడి ట్రమడాల్ మాత్రలు మింగేవారు, కొడీన్ ఉన్న దగ్గు సిరప్‌కు అలవాటు పడినవారు కూడా జాగ్రత్తగా ఉండాల్సిందే. దుర్వినియోగం పెరగడంతోనే 2018లో కేంద్రం ట్రమడాల్‌ను ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలోకి తెచ్చింది.

దాస్తే వచ్చే చిక్కులు

ఆపరేషన్ మధ్యలో నొప్పి మొదలైతే అప్పటికప్పుడు పూర్తి మత్తు ఇవ్వాల్సి రావచ్చు. రోజూ వాడే మందు అందకపోతే ఆవలింతలు, చెమటలు, ముక్కు కారడం, విరేచనాలు, గుండె దడ మొదలవుతాయి. పెంటాజోసిన్, బ్యూటర్ఫనాల్ లాంటి నొప్పి ఇంజెక్షన్లు ఇస్తే ఈ లక్షణాలు ఒక్కసారిగా ముదురుతాయి.

ముందే చెబితే డాక్టర్లు సిద్ధంగా ఉంటారు. ఆపరేషన్ ఎక్కువసేపు పట్టేలా ఉంటే వెన్నులో సన్నని ట్యూబ్ పెట్టి, అవసరమైనప్పుడల్లా మందు ఎక్కిస్తారు. తర్వాత నొప్పి తగ్గడానికి పారాసిటమాల్, నర్వ్ బ్లాక్ లాంటివి కలిపి వాడతారు.

ఇవి గుర్తుంచుకోండి

* ఏ మందు, ఎంత, ఎన్నాళ్లుగా వాడుతున్నారు, చివరిగా ఎప్పుడు తీసుకున్నారో చెప్పాలి.
* ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేకపోతే డాక్టర్‌తో విడిగా మాట్లాడాలి. పేషెంట్ వివరాలను గోప్యంగా ఉంచడం డాక్టర్ల బాధ్యత.
* ఆపరేషన్ ఉందని సొంతంగా ఒక్కసారిగా మానేయొద్దు.
* అలవాటు మాన్పించే చికిత్సలో బుప్రెనార్ఫిన్, మెథడోన్, నాల్ట్రెక్సోన్ వాడుతుంటే తప్పకుండా చెప్పాలి. నాల్ట్రెక్సోన్‌ను సాధారణంగా ముందే ఆపాల్సి ఉంటుంది, బుప్రెనార్ఫిన్‌ను మాత్రం చాలామందిలో కొనసాగిస్తారు. ఆ నిర్ణయం డాక్టర్‌దే.

అలవాటు మానాలనుకునేవారు జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయొచ్చు.