వీరపత్ని, వీరనారి : సైనిక దాంపత్యమునకు మన మాటలు

యుద్ధమునకు పోవు యువకుని దాంపత్యమును గూర్చి మన సాహిత్యము ముఖ్యముగా వర్ణించినది వీడ్కోలు ఘట్టమును మాత్రమే. మిర్యాలగూడ దాటి వాడపల్లికడ కృష్ణ నుత్తరించినచో పలనాటి సీమ. అచట 12వ శతాబ్దమున జరిగిన యుద్ధమును శ్రీనాథుడు ద్విపదగా రచించెనని ప్రసిద్ధి. ఆ కథలో బాలచంద్రుడు రణమునకేగుచు, అంతవరకు తాను విడిచియుంచిన భార్య మాంచాల కడకు వచ్చును. ఆమె తన కోర్కె నణచుకొని కత్తి నందించి పంపును. వారి కాపురమని చెప్పదగినది ఆ కలయికయే. 'వీరపత్ని' అనగానే మనకు స్ఫురించునదియు అదియే. ఆలంకారికులు చెప్పిన ప్రోషితభర్తృక దూరమేగిన భర్తకై పరితపించును. ఆమె విరహమునకు లక్షణము కలదు గాని, ఆమె నడుపు ఇంటికి లేదు.

నేటి సైనికాధికారి కాపురము ఈ రెండు మాటలలోను ఇముడునా యని మా ప్రశ్న.

1948 సెప్టెంబరులో బెజవాడ నుండి భారత సైన్యము కోదాడ, సూర్యాపేటల మీదుగా హైదరాబాదు వైపు నడచినది. సైన్యము రాగా చూచిన ఆ సూర్యాపేటలోనే 1983లో బిక్కుమళ్ల సంతోష్‌బాబు జన్మించెను. 1962లో ఏర్పడిన కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, 2004 డిసెంబరులో బీహార్ రెజిమెంటు 16వ బెటాలియనున అధికారియయ్యెను. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో మరణించిన 20 మంది భారత సైనికులలో ఆ దళమునకు నాయకుడైన కర్నల్ ఆయన. అప్పటికి భార్య సంతోషి, ఇద్దరు పిల్లలు ఢిల్లీలో నుండిరి. తల్లిదండ్రులు సూర్యాపేటలో నుండిరి. ఒక్క కుటుంబము మూడు తావులు.

ఇది ఆ యింటి విశేషము కాదు. ఆ వృత్తి స్వభావము. సరిహద్దు విధులకు కుటుంబము వెంట పోరాదు. శాంతి స్థావరమున క్వార్టర్సు దొరకినను, కొన్నియేండ్లకే బదిలీ. పిల్లలకు బడి మారును, చుట్టునున్న భాష మారును. ఈ మార్పుల నడుమ ఇల్లు నిలుపునది భార్యయే. ప్రోషితభర్తృక ఎదురుచూచును; ఈమె ఎదురుచూచుచునే సంసారము నీదును.

ఇక మూడవ మాట. యుద్ధమున మృతులైన వారి భార్యలను సైన్యము హిందీలో 'వీర్ నారీ' యని వ్యవహరించును. తెలుగున 'వీరనారి' యనగా స్వయముగా పోరాడినది: రుద్రమదేవి, చాకలి ఐలమ్మ. అక్షరములు దాదాపు ఒకటే, అర్థములు వేరు. అచట భర్త మరణము వలన, ఇచట తన కార్యము వలన ఆ పేరు వచ్చును.

2021 నవంబరులో సంతోష్‌బాబునకు మరణానంతరము లభించిన మహావీరచక్రమును ఆయన తల్లియు భార్యయు స్వీకరించిరి. అది ఆయన శౌర్యమునకు గుర్తు. 2020 జూలైలో రాష్ట్ర ప్రభుత్వము శ్రీమతి సంతోషిని డిప్యూటీ కలెక్టరుగా నియమించెను. ఆ ఉద్యోగము ఆయన త్యాగమును బట్టి వచ్చినదైనను, అందలి బాధ్యత ఆమెది. చక్రము నందుకొన్న భార్యకు 'వీరపత్ని' చాలును. బాధ్యత వహించు స్త్రీని చూచునపుడు తెలుగు 'వీరనారి'యే మనకు దారి చూపును.

అయినను భర్త జీవించియుండగా ఇల్లు నిలుపు భార్యకు మన భాషలో ప్రత్యేకమైన పేరు లేదు. మరణము తరువాతనే ఆమెను గుర్తించుట న్యాయము కాదు. పరిశోధక విద్యార్థులు మన జిల్లాల సైనిక కుటుంబముల ఉత్తరములను, జ్ఞాపకములను వారి యనుమతితో సేకరింపవలెను. ఆ యిండ్లలో వాడుకలోనున్న మాట ఏదియో అచటనే దొరకవచ్చును.