క్యాన్సర్ చికిత్సలో ప్రాణాయామం – తోడు మాత్రమే

మన బైలడిల్లా గనులలో పనిచేసే వారికి డంపర్ రిటార్డర్ గురించి వేరుగా చెప్పనవసరం లేదు. బరువుతో వాలు దిగుతున్న వాహనపు వేగాన్ని అది అదుపులో ఉంచుతుంది; చెడిపోయిన ఇంజనును మాత్రం బాగుచేయదు. క్యాన్సర్ చికిత్స పొందుతున్న వారికి ప్రాణాయామం అటువంటి సాధనమే. ఈ సత్యాన్ని మా కుటుంబం అనుభవపూర్వకంగా తెలుసుకొన్నది.

కొన్ని సంవత్సరాల క్రితం నా శ్రీమతికి రొమ్ము క్యాన్సర్ ఉన్నట్లు నిర్ధారణ అయినది. శస్త్రచికిత్స అనంతరం కీమోథెరపీ కొరకు మూడు వారాలకొకసారి కిరండూల్ నుండి విశాఖపట్నానికి రైలులో వెళ్ళి వచ్చేవారము. వాంతుల భయం, నిద్రలేమి, ఆందోళన ఆమెను ఎంతగానో క్రుంగదీశాయి. వైద్యుల అనుమతితో మా కాలనీలోని యోగా శిక్షకురాలు ఆమెకు నిదానమైన శ్వాసాభ్యాసం నేర్పారు. అరకు కొండలలో రైలు ఒక్కొక్క సొరంగం దాటుతుండగా ఆమె కళ్ళు మూసుకొని శ్వాసలు లెక్కించుకొనేది.

విశ్రాంతిలో ఉన్న మనిషి సాధారణంగా నిమిషానికి 12 నుండి 20 సార్లు శ్వాసిస్తాడు. దానిని ఆరేడుసార్లకు తగ్గించి, నిశ్వాసాన్ని దీర్ఘం చేసినప్పుడు వేగస్ నాడి ప్రభావం వలన గుండె వేగం తగ్గి, శరీరం శాంతిస్తుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు కీమోథెరపీ రోగులపై జరిపి 2012లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, ప్రాణాయామం వలన నిద్ర, ఆందోళనల విషయంలో కొంత మేలు కనిపించింది. అది కణితిని కరిగిస్తుందని మాత్రం ఆ అధ్యయనం చెప్పలేదు.

మూడవ విడత తరువాత ఆమె కులాసాగా ఉండడం చూసి బంధువు ఒకరు, "ప్రాణాయామంతోనే నయమవుతున్నది కదా వదినా, ఇంకా ఆ మందులెందుకు?" అన్నారు. ప్రయాణాలతో అలసిపోయిన ఆమె, "ఏమండీ, ఈసారికి టికెట్లు రద్దు చేయించండి" అన్నది. ఆ రాత్రి నా మనస్సు సైతం ఊగిసలాడింది. గేజి ముల్లు నిలకడగా ఉన్నంత మాత్రాన యంత్రం బాగైనదని నమ్మరాదని ముప్పై ఏళ్ళుగా ఇతరులకు చెప్పిన నేనే ఆ భ్రమలో పడ్డాను.

ఉదయం ఫోను చేయగా వైద్యురాలు శాంతంగా చెప్పారు: "అమ్మా, మీకు హాయిగా ఉండడానికి శ్వాసాభ్యాసం తోడ్పడి ఉండవచ్చు. మిగిలిన వ్యాధి కణాలపై పనిచేసేది మందు. విడత తప్పవద్దు." అనుకొన్న రోజుననే రైలెక్కాము. యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వైద్య చికిత్సను కాదని కేవలం ప్రత్యామ్నాయ పద్ధతులను నమ్ముకొన్న వారిలో మరణించే ప్రమాదం సుమారు రెండున్నర రెట్లు ఎక్కువ. ఆ సంఖ్యను చదివినప్పుడు నా చేతులు వణికాయి.

అభ్యాస విధానం సులభమైనదే. దిండుకు ఆనుకొని కూర్చోవాలి, లేదా పడుకోవాలి. నాలుగు అంకెలు లెక్కించే వరకు ముక్కుతో గాలి పీల్చి, ఆరు అంకెల వరకు మెల్లగా వదలాలి. ఐదు నిమిషాలతో ఆరంభించడం మంచిది. ఓపిక ఉంటే భ్రామరి మృదువుగా చేయవచ్చు. కపాలభాతి, భస్త్రిక, శ్వాసను బిగపట్టే కుంభకం వైద్యుల అనుమతి లేనిదే చేయరాదు. శస్త్రచికిత్స గాయం ఉన్నవారు, ఆయాసపడేవారు మరింత జాగ్రత్త వహించాలి. తల తిరిగినట్లనిపిస్తే వెంటనే ఆపివేయాలి. కీమోథెరపీ కాలంలో 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వస్తే ప్రాణాయామంతో తగ్గుతుందని వేచియుండక, అర్ధరాత్రియైనా ఆసుపత్రికి వెళ్ళాలి.

మా శ్రీమతి విడతలన్నీ పూర్తి చేసింది. పరీక్షల కొరకు నేటికీ విశాఖపట్నం వెళ్తూనే ఉన్నాము. సొరంగాలు రాగానే ఆమె కళ్ళు మూసుకొంటుంది. టికెట్లు, రిపోర్టులు నా సంచిలో ఉంటాయి. మన ఉద్యోగుల కుటుంబాలలో ఎవరికైనా ఈ కష్టం కలిగితే రెండింటినీ వెంట ఉంచుకొనవలసినదిగా నా మనవి.