కేంద్రీయ స్థాన విలువలు

ఒక దత్తాంశంలోని రాశులన్నింటికీ ప్రాతినిధ్యం వహించే ఒకే ఒక సంఖ్యను కేంద్రీయ స్థాన విలువ అంటారు. ఉన్నత పాఠశాల గణితంలోని సాంఖ్యక శాస్త్ర విభాగంలో ప్రధానంగా మూడు కేంద్రీయ స్థాన విలువలను బోధిస్తారు. అవి అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం. వాడుక భాషలో ఈ మూడింటినీ "సగటు" అనే ఒకే మాటతో వ్యవహరించుట కలదు. కానీ ఒకే దత్తాంశానికి ఈ మూడూ మూడు వేర్వేరు విలువలు కావచ్చును. అందుచేత సగటు ఎంత అని తెలుసుకొనుటకు ముందు అది ఏ సగటు అని తెలుసుకొనుట అవసరం.

నిర్వచనాలు

1. అంకమధ్యమం: రాశుల మొత్తాన్ని రాశుల సంఖ్యచే భాగించగా వచ్చే విలువ. దీనినే అంకగణిత సగటు అని కూడా అంటారు.

2. మధ్యగతం: రాశులను ఆరోహణ లేక అవరోహణ క్రమంలో అమర్చినపుడు సరిగ్గా మధ్యన ఉండే రాశి. రాశుల సంఖ్య సరిసంఖ్య అయినచో మధ్యనున్న రెండు రాశుల సగటును మధ్యగతంగా తీసుకొంటారు.

3. బాహుళకం: దత్తాంశంలో ఎక్కువసార్లు వచ్చిన రాశి. ఒక దత్తాంశానికి ఒకటి కంటె ఎక్కువ బాహుళకాలు ఉండవచ్చును, అసలు లేకపోవచ్చును కూడా.

ఉదాహరణ

ఒక రైసుమిల్లులో మేనేజరుతో కలిపి 9 మంది పనిచేస్తున్నారనుకొందాం. వారి నెలజీతాలు రూపాయలలో ఇవి:

9,000, 9,000, 9,000, 10,000, 11,000, 12,000, 13,000, 15,000, 92,000

ఈ జీతాల మొత్తం 1,80,000. దీనిని 9చే భాగించగా అంకమధ్యమం 20,000. వరుసలో అయిదవ రాశి 11,000 కనుక అది మధ్యగతం. మూడుసార్లు వచ్చిన 9,000 బాహుళకం.

"మా మిల్లులో సగటు జీతం 20,000 రూపాయలు" అని యజమాని చెప్పినచో అది అబద్ధం కాదు. కానీ 9 మందిలో 8 మందికి అంతకంటె తక్కువే వస్తున్నది. ఆ మాట నమ్మి పనిలో చేరినవాడు మోసపోయానని భావించుట సహజం. పనివారి నిజమైన పరిస్థితిని ఇక్కడ మధ్యగతం ఎక్కువగా తెలుపుతున్నది. మేనేజరు జీతం 92,000 నుండి 1,82,000కు పెరిగినచో మిగిలిన ఎవరికీ ఒక్క రూపాయి పెరగకపోయినా అంకమధ్యమం 30,000 అవుతుంది. మధ్యగతం, బాహుళకం మాత్రం మారవు.

జ్యామితీయ అర్థం

ఒక తేలికైన బద్దపై సమాన దూరాలలో గుర్తులు పెట్టి, ప్రతి జీతానికి ఎదురుగా ఒక్కొక్క సమానమైన తూనికరాయి ఉంచామనుకొందాం. ఆ బద్ద ఎటూ ఒరగకుండా నిలిచే బిందువే అంకమధ్యమం. పై ఉదాహరణలో 20,000కు ఎడమవైపునున్న ఎనిమిది రాశుల దూరాల మొత్తం 72,000. కుడివైపునున్న ఒకే ఒక రాశి దూరం కూడా 72,000. అంకమధ్యమం నుండి విచలనాల మొత్తం ఎల్లప్పుడూ సున్న అగుటకు కారణమిదే. దూరాన ఉన్న ఒక్క రాశి సగటును తనవైపు లాగుటకు కూడా ఇదే కారణం.

త్రిభుజపు గురుత్వ కేంద్రం ఇదే సూత్రంపై ఆధారపడి ఉన్నది. దాని నిరూపకాలు మూడు శీర్షాల నిరూపకాల అంకమధ్యమాలు. ఉదాహరణకు (1, 2), (4, 8), (7, 2) శీర్షాలుగా గల త్రిభుజపు గురుత్వ కేంద్రం (4, 4). అయితే పేరు విషయంలో విద్యార్థులు తికమక పడే అవకాశం ఉన్నది. జ్యామితిలో శీర్షాన్ని ఎదుటి భుజపు మధ్యబిందువుతో కలిపే రేఖాఖండాన్ని మధ్యగతం అంటారు. సాంఖ్యక శాస్త్రంలోని మధ్యగతం వేరు. రెండింటికీ పేరు ఒకటే కానీ నిర్వచనాలకు సంబంధం లేదు.

వర్గీకృత దత్తాంశం

రాశులు ఎక్కువగా ఉన్నపుడు వాటిని తరగతులుగా విభజించి పౌనఃపున్య విభాజన పట్టిక తయారు చేస్తారు. ఒక పరీక్షలో 50 మంది విద్యార్థుల మార్కులు ఇలా ఉన్నాయనుకొందాం.

0–10: 4 మంది
10–20: 8 మంది
20–30: 20 మంది
30–40: 12 మంది
40–50: 6 మంది

అంకమధ్యమం: ప్రతి తరగతి మధ్య విలువను (5, 15, 25, 35, 45) దాని పౌనఃపున్యంచే గుణించి కూడగా 1,330 వస్తుంది. 1,330 ÷ 50 = 26.6.

మధ్యగతం: 50లో సగం 25. మొదటి రెండు తరగతుల సంచిత పౌనఃపున్యం 12 కనుక 25వ స్థానం 20–30 తరగతిలో ఉన్నది. ఆ తరగతిలోని 20 మందిలో ఇంకా 13 మందిని లెక్కించాలి. తరగతి అంతరం 10 కనుక (13 ÷ 20) × 10 = 6.5. దీనిని తరగతి దిగువ హద్దు 20కి కలుపగా మధ్యగతం 26.5.

బాహుళకం: అత్యధిక పౌనఃపున్యం గల తరగతి 20–30. దాని పౌనఃపున్యం ముందు తరగతి కంటె 12, తరువాతి తరగతి కంటె 8 ఎక్కువ. తరగతి అంతరం 10ని 12 : 8 నిష్పత్తిలో విభజించగా మొదటి భాగం 6. కావున బాహుళకం 26.

దత్తాంశం ఒకవైపు కొద్దిగా మాత్రమే ఒరిగి ఉన్నపుడు బాహుళకం సుమారుగా 3 × మధ్యగతం − 2 × అంకమధ్యమం అవుతుంది. పై పట్టికకు ఈ సూత్రం 26.3 ఇస్తుంది. ఇది అనుభవం నుండి వచ్చిన ఉజ్జాయింపు సంబంధమే కానీ సిద్ధాంతం కాదు. రైసుమిల్లు జీతాల వంటి దత్తాంశానికి ఇది వర్తించదు.

సాధారణంగా జరిగే పొరపాట్లు

సగటుల సగటు: ఒక సెక్షనులో 40 మంది సగటు మార్కులు 60, మరొక సెక్షనులో 10 మంది సగటు 80 అయినచో మొత్తం తరగతి సగటు 70 కాదు. మొత్తం మార్కులు 2,400 + 800 = 3,200. దీనిని 50చే భాగించగా 64 వస్తుంది.

భాజకాన్ని గమనించకపోవుట: క్రికెట్‌లో బ్యాటింగు సగటును ఆడిన ఇన్నింగ్సుల సంఖ్యతో కాక అవుటైన సంఖ్యతో భాగించి కనుగొంటారు. డాన్ బ్రాడ్‌మన్ టెస్టులలో 80 ఇన్నింగ్సులలో 6,996 పరుగులు చేశాడు. అందులో 10 సార్లు నాటౌట్‌గా మిగిలాడు. 6,996ను 70చే భాగించగా ప్రసిద్ధమైన 99.94 వస్తుంది. 80చే భాగించినచో 87.45 మాత్రమే.

వ్యాప్తిని విస్మరించుట: ఒక వాగులో అయిదు చోట్ల లోతు 1, 2, 2, 3, 7 అడుగులు అయినచో సగటు లోతు 3 అడుగులు. ఈత రానివాడు సగటును నమ్మి వాగు దాటుట ప్రాణాపాయం. గరిష్ఠ, కనిష్ఠ విలువల భేదమైన వ్యాప్తి ఇక్కడ 6 అడుగులు. అందుకే కేంద్రీయ స్థాన విలువతో పాటు వ్యాప్తిని లేక ప్రామాణిక విచలనాన్ని కూడా తెలుపవలెను.

దేనిని ఎప్పుడు వాడాలి

రాశులు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నపుడు, మొత్తంతో అవసరం ఉన్నపుడు అంకమధ్యమం తగినది. ఎకరా సగటు దిగుబడి, తలసరి ఆదాయం ఇటువంటివి. కొన్ని రాశులు మిగిలిన వాటికంటె చాలా పెద్దవిగానో చిన్నవిగానో ఉన్నపుడు మధ్యగతం తగినది. ఆదాయాలు, ఇళ్ళ ధరలు ఇటువంటివి. చెప్పుల దుకాణదారునికి కావలసినది బాహుళకం. ఎక్కువగా అమ్ముడయ్యే సైజు ఏదో తెలిస్తేనే అతడు సరుకు తెప్పించగలడు. 7.3 అనే సగటు సైజు చెప్పులు ఎక్కడా దొరకవు.

చరిత్ర

ఆంగ్లేయ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1881లో మధ్యగతానికి నేటి ఆంగ్ల పదాన్ని ఉపయోగించాడు. బాహుళకానికి ఆంగ్ల పదాన్ని కార్ల్ పియర్సన్ 1895లో ప్రవేశపెట్టాడు. 1906లో ఇంగ్లాండులోని ప్లిమత్‌లో జరిగిన పశు ప్రదర్శనలో ఒక ఎద్దు మాంసపు బరువును ఊహించే పోటీ పెట్టారు. అందులోని 787 చీటీలను గాల్టన్ పరిశీలించి, ఫలితాలను 1907లో నేచర్ పత్రికలో ప్రచురించాడు. ఊహల మధ్యగతం 1,207 పౌండ్లు, అసలు బరువు 1,198 పౌండ్లు. అంటే తేడా ఒక శాతం కంటె తక్కువ. ఎవరో ఒకరు ఇష్టం వచ్చినట్లు వ్రాసిన సంఖ్య ఫలితాన్ని చెడగొట్టరాదనే ఉద్దేశంతో అతడు మధ్యగతాన్ని ఎంచుకొన్నాడు. తరువాత లెక్కించిన అంకమధ్యమం 1,197 పౌండ్లు. అంటే ఆ పోటీలో అంకమధ్యమమే అసలు బరువుకు మరింత దగ్గరగా వచ్చింది.

నమూనా నుండి వేసే అంచనా ఎంతవరకు కచ్చితం కాగలదనే ప్రశ్నకు సమాధానం చెప్పినవారిలో తెలుగువాడైన కల్యంపూడి రాధాకృష్ణారావు (1920–2023) ఒకడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఈయన 1945లో ప్రచురించిన వ్యాసంలోని ఫలితం క్రామర్–రావు అసమానతగా ప్రసిద్ధి చెందినది.

ఇవి కూడా చూడండి

సాంఖ్యక శాస్త్రం
పౌనఃపున్య విభాజనం
ప్రామాణిక విచలనం
గురుత్వ కేంద్రం