దయానిధికి బొమ్మ గీసేదెవరు?

చిన్నరసాల నూజివీడు 2022 ఏప్రిల్ నుంచి ఏలూరు జిల్లాలో ఉంది. ఆ ఏలూరులోనే 1916లో పుట్టారు శివరాజు వెంకట సుబ్బారావు. ఆయనే మన బుచ్చిబాబు. ‘చివరకు మిగిలేది’ నవల రాసిన ఆయన కుంచె పట్టి ప్రకృతి దృశ్యాలూ చిత్రించారు. భార్య శివరాజు సుబ్బలక్ష్మి కూడా కథలు రాశారు, బొమ్మలు వేశారు. రాతా గీతా ఇలా ఒకే ఇంట్లో కాపురమున్న సందర్భాలు తెలుగులో అరుదు.

ఆ నవల 1946-47లో ‘నవోదయ’ పత్రికలో ధారావాహికగా వచ్చింది. తల్లి మీద లోకం మోపిన నింద కథానాయకుడు దయానిధిని ఎక్కడికి వెళ్లినా వదలదు. కోమలి, అమృతం, ఇందిర అతని బతుకులోకి వస్తారు, పోతారు. అయినా అసలు కథ నడిచేది అతని మనసులోనే. బొమ్మలేసేవాళ్లకి చిక్కు అక్కడే వస్తుంది. వారపత్రికల సీరియళ్లకి బాపు, చంద్ర వేసిన బొమ్మల్లో మనుషులు కళ్లముందు నిలబడేవారు. తనను తానే తవ్వుకునే మనసుని ఏ గీతలో పట్టుకోవాలి?

ఐరోపా వాళ్లూ ఈ చిక్కులో పడ్డారు. 1915లో, మనిషి పురుగుగా మారిపోయే కథ ‘మెటమార్ఫసిస్’ పుస్తకంగా వస్తున్నప్పుడు, పురుగు బొమ్మ మాత్రం వేయొద్దని రచయిత కాఫ్కా ప్రచురణకర్తలకి ఉత్తరం రాశారు. దాంతో అట్ట మీద తలుపు దగ్గర చేతులతో ముఖం కప్పుకున్న మనిషి మిగిలాడు. పురుగు లేకపోయినా భయం మొత్తం ఆ బొమ్మలో ఉంది! ఇక 1935లో జేమ్స్ జాయిస్ ‘యులిసీస్’ నవల ప్రత్యేక ముద్రణకి చిత్రకారుడు మాటిస్ ఆరు చిత్రాలు చేశారు. ఆరూ ఆ నవలకి ఆధారమైన హోమర్ కావ్యంలోని ఘట్టాలే. జాయిస్ రాసిన డబ్లిన్ ఊసే వాటిలో లేదు.

అందరికన్నా దగ్గరగా వెళ్లింది నవలా రచయిత నబొకోవ్. అమెరికాలో పాఠం చెప్పడానికి వాడిన కాఫ్కా పుస్తకంలో, అచ్చు పంక్తుల పక్కనే పురుగు బొమ్మ గీసుకున్నారు. అనువాదంలో నచ్చని మాటలు కొట్టేసి పైన తన మాటలు రాశారు. అది బొద్దింక కాదు, వీపు ఉబ్బిన పెంకుపురుగని ఆయన వాదన. ‘యులిసీస్’ పాత్రలు డబ్లిన్‌లో నడిచిన దారులకి పటం కూడా గీశారు. ప్రేమగా చదివినవాడి చేతిలో పెన్సిల్ ఊరుకోదు.

పుస్తకం పక్కన మరో పుస్తకమంత వ్యాఖ్య రాయడం మనకి కొత్తేం కాదు. కాళిదాసు కావ్యాలకి దేశమంతా నమ్ముకున్న వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది మెదక్ సీమలోని కొల్చారం. ఆధునిక నవల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ అలవాటు తప్పింది. పరీక్షకి పనికొచ్చే గీతలు తప్ప, చదివినవాడు తనకోసం రాసుకున్న మాట పుస్తకం అంచుల్లో ఎక్కడో గానీ కనిపించదు. ఇది నిజంగా పెద్ద లోటు.

ఆ లోటు తీర్చుకోవడానికి నవీన్ ‘అంపశయ్య’తో మొదలుపెట్టొచ్చు. 1969లో వచ్చిన ఆ నవల పేరే ఆయనకి ఇంటిపేరయింది. పల్లె నుంచి వచ్చి ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి జీవితంలో ఒక్క రోజు, అంతే కథ. నూజివీడు ట్రిపుల్ ఐటీలో పదో తరగతి కాగానే ఊళ్లు వదిలి హాస్టళ్లకి వచ్చిన పిల్లలున్నారు. రవి దిగులు వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. సొంత ప్రతులిచ్చి, రవి ఆ రోజు తిరిగిన దారికి పటం గీయమనాలి. తమకి ఎక్కడ తగిలిందో అంచున రాసుకోమనాలి. ఆ తర్వాత దయానిధిని వాళ్ల చేతుల్లో పెట్టొచ్చు.