పాత యెజ్డీకి కొత్త ప్రాణం



అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు కొబ్బరితోటల్లోని పాకల్లో పాత యెజ్డీ బండ్లు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తాయి. మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1961 నుండి మొదట జావా పేరుతోను, తర్వాత యెజ్డీ పేరుతోను 1996 వరకు వీటిని తయారుచేసింది. 2022లో యెజ్డీ పేరుతో కొత్త బండ్లు వచ్చినా వాటి ఇంజను వేరు. పాత బండి స్టార్టు కాకపోతే "పాయింట్లు తీసేసి సీడీఐ పెట్టించెయ్, సరిపోతుంది" అని చాలామంది సలహా ఇస్తుంటారు. సరిపోతుందా? ఆ బండి మీద కాయ వేసుకుని బజారుకు వెళ్లే మనిషికి అది కూలి డబ్బుకు సంబంధించిన ప్రశ్న. అందుకే ఈ వ్యాసంలో సంగతి తెలుసుకుందాం.

ముందు ఇంజను

ఇది 250 సీసీ తరగతి టూ స్ట్రోక్ ఇంజను. పిస్టన్ పైకి వెళ్లేటప్పుడు క్రాంక్ గది పెట్రోల్, గాలి మిశ్రమాన్ని లోపలికి పీలుస్తుంది. పిస్టన్ కిందికి దిగేటప్పుడు దాన్ని నొక్కి సిలిండర్‌లోకి పంపుతుంది. అంటే క్రాంక్ గది ఒక పంపులాంటిది. దాని రెండు వైపులా ఉండే ఆయిల్ సీళ్లు ఎండిపోతే పంపు పనిచేయదు. క్లచ్ వైపు సీలు పోతే ఇంజను గేర్ ఆయిల్ తాగి పొగ కక్కుతుంది. డైనమో వైపు సీలు పోతే గాలి ఎక్కువై, వేడి పెరిగి, పిస్టన్ పట్టేస్తుంది. ఈ లోపాన్ని ఏ సీడీఐ కూడా బాగుచేయలేదు.

కాబట్టి వరుస ఇది: మొదట బోరు కొలిపించాలి. అరిగి ఉంటే ముందు ఓవర్‌సైజ్ పిస్టన్ కొని, దాన్ని లేత్ షాపుకు తీసుకెళ్లి, ఆ కొలతకే రీబోర్ చేయించాలి. తర్వాత కనెక్టింగ్ రాడ్, బేరింగుల ఆట చూడాలి. సీళ్లు రెండూ కొత్తవి వేయాలి. ఇగ్నిషన్ సంగతి ఆ తర్వాతే.

నిప్పురవ్వ ఎలా పుడుతుంది?

పాయింట్లు మూసి ఉన్నప్పుడు కాయిల్‌లో కరెంటు పారుతుంది. అవి తెరుచుకోగానే ఆ కరెంటు ఆగి, అయస్కాంత క్షేత్రం కూలి, రెండో చుట్టలో వేల వోల్టులు పుడతాయి. ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజనులో ఇది సెకనుకు 50 సార్లు జరగాలి. పాయింట్లు అరిగితే టైమింగ్ తప్పుతుంది. మన తేమ గాలికి వాటి మీద పొర కూడా కడుతుంది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. మా నాన్నకు ఫారడే పేరు తెలియదు. కానీ పాయింట్ల మధ్య సన్నని కాగితం పెట్టి మెల్లగా లాగుతూ, అది వదిలే క్షణాన్ని బట్టి టైమింగ్ పెట్టేవాడు. పాఠం నాకు పుస్తకంలో దొరికింది, ఆయనకు చేతిలో దొరికింది.

సీడీఐలో అరిగే పాయింట్లు ఉండవు. రవ్వ బలంగా వస్తుంది, టైమింగ్ నిలకడగా ఉంటుంది. అయితే 6 వోల్టుల బండిని 12కు మారిస్తే బ్యాటరీ, బల్బులు, హారన్ కూడా మార్చాలి. పాయింట్లు మొరాయిస్తే దారిలోనే గరుకు కాగితంతో రుద్దుకోవచ్చు. సీడీఐ పోతే బండిని తోసుకు రావలసిందే. కనుక తీసిన పాత ప్లేటును పారేయకండి.

పెట్రోల్ మాట

2025 నాటికి బంకుల్లో 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోల్ వచ్చింది. ఎథనాల్ తేమను పీలుస్తుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది. వానాకాలం బండిని కదపకుండా ఉంచేటట్లయితే ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయండి. సీళ్లు, పైపులు ఎథనాల్‌ను తట్టుకునే రకం వేయించండి.

తమ్ముళ్లూ! సెలవుల్లో మెకానిక్ షెడ్డులో పనిచేశామని చెప్పడానికి మనలో కొందరు సిగ్గుపడతారు. ఆ షెడ్డు కూడా ఒక ప్రయోగశాలే. అక్కడ "ఎలా?" అని నేర్చుకున్నవారు తరగతిలో "ఎందుకు?" అని అడగండి. ఆ రెండూ కలిసిన చోటే చదువు మనదవుతుంది.