పగడపు కొమ్మను రాతికి అంటించుట

నవరత్నములలో ముత్యము, పగడము అను రెండు మాత్రమే ప్రాణులవలన బుట్టినవి. తక్కినవన్నియు భూమినుండి త్రవ్వి తీయబడు రాళ్లు. పగడము చెట్టో, రాయో, జంతువో తెలియక పూర్వము విద్వాంసులు సైతము చిరకాలము తర్కించిరి. ఫ్రాన్సు దేశమున మార్సేల్సు పట్టణపు వైద్యుడగు పెయ్సొనెల్ అనునతడు 18వ శతాబ్దపు పూర్వార్ధమున, పగడపు పువ్వులని యెల్లరు తలంచునవి పువ్వులు కావనియు, చిన్న జంతువులనియు చెప్పగా ఆనాటి పండితులు తొలుత నమ్మరైరి. నేడు ఆ సంగతి బడిపిల్లలకును తెలియును.

మేమిచ్చట చెప్పదలచినది నగలలో పొదుగు ఎఱ్ఱపగడమును గూర్చి కాదు, వెచ్చని సముద్రములలో దిబ్బలు కట్టు పగడములను గూర్చి. అమెరికా, జర్మనీ మొదలగు దేశములలో అనేకులు తమ యిండ్లలో ఉప్పునీటి గాజుతొట్లను, అనగా అక్వేరియములను, ఉంచుకొని వానిలో ఈ పగడములను పెంచుచున్నారు. పెరిగిన పగడమునుండి ఒక కొమ్మను కోసి, వేఱొక రాతికి అంటించి, క్రొత్త పగడముగా చేయుట వారు నేర్చిన విద్యలలో ముఖ్యమైనది.

జంతువును ముక్కచేసి నాటిన నెట్లు బ్రదుకును? పగడపు కొమ్మ యొక్క జంతువు గాదు. అది వందలకొలది చిన్న జీవుల గుంపు. ఒక్కొక్క జీవి తన క్రింద సున్నపు గూడు కట్టుకొనును. జీవులన్నియు పలుచని చర్మముచేత ఒండొంటితో కలిసియుండును. వాని శరీరములలో కంటి కగపడని నాచుకణములు నివసించి, సూర్యకాంతితో ఆహారము వండి, అందు పెద్దపాలు పగడమునకే యిచ్చును. కావున ఏ ముక్కను కోసినను అందు కొన్ని జీవులును, వాని వంటవారును ఉందురు. సముద్రమున తుపానులకు విఱిగిన కొమ్మలు అడుగునబడి, కదలక నిలిచినచో, అచ్చటనే అతుకుకొని పెరుగుట కలదు. మనుష్యులు చేయునది ఈ ప్రకృతిధర్మమునకు తోడ్పాటు మాత్రమే.

ఇక పనిక్రమము. తొట్టినీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములుండవలెను. వేడి 24 మొదలు 27 సెంటీగ్రేడు డిగ్రీల వఱకు నిలుకడగా నుండవలెను. పనివాడు రబ్బరు చేతితొడుగులును, కంటి అద్దములును ధరించి, ఎముకలను కత్తిరించు శస్త్రవైద్యుల కత్తెరవంటి పనిముట్టుతో రెండుమూడు అంగుళముల కొమ్మను ఒక్క పెట్టున కోయవలెను. కోతవలన పగడము జిగట విడుచును గనుక, తొట్టినీటినే వేఱొక గిన్నెలో పోసి కొమ్మను అందు కడుగవలెను. అంటించు రాతిమీది నాచును గీకి, తడి తుడువవలెను. కొమ్మ మొదటిని గూడ మెల్లగా అద్దవలెను. పిమ్మట చిక్కని సయనోఅక్రిలేటు జిగురును సెనగగింజ యంత పెట్టి, కొమ్మను నొక్కి, నీట ముంచి, అరనిమిషము కదలింపక పట్టుకొనవలెను.

ఈ జిగురు చరిత్ర వింతయైనది. 1942లో అమెరికాయందు ఈస్ట్‌మన్ కోడక్ సంస్థలో హారీ కూవర్ అను రసాయనశాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును తుపాకి గుఱిచూచు సాధనమునకై తేటయైన ప్లాస్టిక్కును వెదకుచుండగా ఇది దొరకెను. ముట్టినదాని కెల్ల అంటుకొనుచుండుటచే దానిని పనికిరాదని విడిచిరి. ఆ దోషమే గుణమై, 1958లో అది జిగురుగా విపణి కెక్కెను. తక్కిన జిగురులను తడి చెఱచును, దీనిని తడియే గట్టిపఱచును. పగడపు పనికి ఇది తగుటకు కారణ మిదియే.

బరువైన కొమ్మలకు ఈ జిగురొక్కటి చాలదు. రెండు ముద్దలను కలిపి పిసికిన నీటిలోనే గట్టిపడు ఎపాక్సీ ముద్దను నడుమ నుంచి, దాని కిరుప్రక్కల జిగురు పూయుదురు. మెత్తని జాతులు జిగట విడుచుటచే వానికి జిగురు పట్టదు. వానిని దారముతోనో వలగుడ్డతోనో రాతికి వదులుగా కట్టి, కొన్నిదినములు విడిచినచో తామే పట్టుకొనును. ఒక హెచ్చరిక: పాలిథోవా మొదలగు కొన్ని మెత్తని జాతులలో పాలిటాక్సిన్ అను ఘోరవిషము కలదు. అవి పట్టిన రాతిని కాచుటవలన ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదియు ఆస్పత్రి పాలైన సందర్భములు కలవు. అట్టి రాతిని వేడినీటిలో వేయనే కూడదు.

అంటించుటతో పని ముగిసెనని తలంపరాదు. జిగురు ఆ కొమ్మను పట్టుకొనునది కొలది వారములకు మాత్రమే. ఈలోగా కొమ్మ మొదటి చర్మము అంచులు దాటి, జిగురుమీదుగా రాతిపైకి ప్రాకి, సున్నము విడుచును. అదియే నిజమైన పట్టు. కొమ్మ కదలుచున్నంతకాలము ఆ లేతచర్మము రాతికి ఒరసికొని గాయపడుచుండును. అందుచే తొలిదినములలో మందవెలుతురున, మితమైన ప్రవాహమున ఉంచి, నత్తలును ఎండ్రకాయలును త్రోసివేయకుండ చూడవలెను.

మనమును ఇట్లు చేయుదమా యని పిల్ల లడుగవచ్చును. కూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో దిబ్బలు కట్టు పగడములు 2001లో చేర్చబడినవి. సముద్రమునుండి వానిని విఱిచి తెచ్చుట మనదేశమున నేరము. అయినను ఈ విద్య మనకు పరాయిది కాదు. మన్నారు సింధుశాఖలో తూత్తుకుడి చెంత 2002 మొదలుకొని శాస్త్రజ్ఞులు పగడపు ముక్కలను సిమెంటు చట్రములకు కట్టి, చెడిన దిబ్బలను మరల నాటుచున్నారు. సముద్రజలము వేడెక్కి పగడములు లోని నాచును కోల్పోయి తెల్లబారు ఉపద్రవము 1998, 2010, 2014–17 సంవత్సరములలో లోకమంతట వచ్చినది. నాలుగవది వచ్చినదని 2024లో ప్రకటించిరి. నీరు చల్లబడనిచో నాటిన కొమ్మలును నిలువవు. కావున నాటుట యెంత అవసరమో, వేడి తగ్గించుటయు అంత అవసరము.

పెరటిలో మునగకొమ్మను నాటి, వేరు దిగెనో లేదో యని దినదినము పెఱికి చూచు బాలుని మన మెఱుగుదుము. వాని కొమ్మ ఎన్నడును చిగురింపలేదు. పగడము విషయమునను అంతియే. చక్కగా అంటించి, చేయి తీసివేసి, కనిపెట్టి యుండుట మన వంతు. రాతిని పట్టుకొనుట దాని వంతు.