నడి గోదావరిలో ఇంజను నిలిచినచో

భద్రాచలమునకు దిగువన, కూనవరము కడ, శబరి గోదావరిలో కలియును. అచ్చటినుండి పాపికొండలలోనికి పోవుకొలది గట్లు దగ్గరపడి, నది యిరుకై, లోతై, సుడులు తిరుగును. పూర్వమీ త్రోవను తెరచాప పడవలు నడచెడివి. గాలి లేనప్పుడు గెడ వేసియు, గట్టునుండి త్రాటితో లాగియు వానిని నడిపెడివారు. డీజిలు ఇంజను వచ్చినపిదప ప్రయాణము సులువైనది. కాని గెడయు తెడ్డును మూలబడుటచే, ఇంజను నిలిచినచో వేరు దిక్కు లేదు. దీనిని గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

ఇంజను నిలిచినను చుక్కాని యున్నది గదా యని పలువురు ధైర్యపడుదురు. చుక్కానిని ఒరసికొని నీరు పాఱినప్పుడే దానికి బలము. పడవ ప్రవాహముతో సమముగా కొట్టుకొని పోవునప్పుడు అది పలుకదు. పడవ అడ్డము తిరుగును. కావున మొదట చేయవలసినది ఇంజను విప్పుట కాదు. పడవ ముక్కును ప్రవాహమునకు ఎదురుగా నిలుపుట. లోతు తక్కువైనచోట ముక్కునుండి లంగరు వేయవలెను. వెనుకనుండి వేసినచో నీరు అంచుమీదుగా లోనికి వచ్చును. త్రాడు లోతునకు అయిదారు రెట్లు వదలినగాని లంగరు నేలను గట్టిగా పట్టదు.

కొండల నడుమ ఈ ఉపాయము సాగదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన, వరదలో, కచ్చులూరు కడ మునిగిన పర్యాటకుల పడవ 200 అడుగులకు పైబడిన లోతున చిక్కుకొని, అక్టోబరు 22వ తేదీకి గాని పైకి రాలేదు. అంత లోతున లంగరేమి చేయును? అందుచేత బయలుదేరకముందే ఇంజను చూచుకొనవలెను. డీజిలులో నీరుగాని, గొట్టములో గాలిగాని చేరినచో ఇంజను ఆగును. చల్లనీటి గొట్టము నాచుతో పూడినచో కాగిపోవును. వలత్రాడు పంకా రెక్కలకు చుట్టుకొనుటయు కలదు. ఇంజను పూర్తిగా ఆపినపిదపనే దానిపై చేయి వేయవలెను.

ఇక గాలివాన. 2018 మే 15వ తేదీన మంటూరు కడ గాలివానలో లాంచి మునిగినది. వానకు తలుపులు, కిటికీలు మూసికొని లోపల కూర్చుండినవారికి బయటపడు దారి దొరకలేదు. మూసిన గోడలకు గాలి తాకిడియు హెచ్చు. కాబట్టి నల్లమబ్బు కనబడినంతనే దరి చేరవలెను. తడిసినను తలుపులు మూయరాదు. మేడమీదివారు క్రిందికి దిగి, ఎక్కడివారక్కడ కూర్చుండవలెను. అందఱు నొకప్రక్కకు పోయిరా, పడవ బోల్తాపడును. తేలుడు చొక్కా పడవ యెక్కునప్పుడే తొడుగవలెను. ఆపదలో వెదకిన ప్రయోజనము లేదు.

పెద్దలారా, నేనెన్నో రేవులలో చూచినది చెప్పుచున్నాను. సరంగు వెనుదీయుచున్నను, ముహూర్తము మించునని పెండ్లివారే తొందరపెట్టుదురు. అచ్చట మీ మాటయే లంగరు. భద్రాచలమున నీరు 43 అడుగులకు వచ్చినచో మొదటి హెచ్చరిక వెలువడును. ఆనాడు పడవ కదలరాదు. అంతకు ముందే నీరు ఎఱ్ఱబారి, దుంగలు కొట్టుకొని వచ్చుచున్న నదియు హెచ్చరికయే. గెడ, తెడ్లు, చొక్కాలు లేని పడవను మీరే ఆపుడు. ముహూర్తము మఱియొకటి దొరకును. పోయిన ప్రాణము దొరకదు. సెలవు.